టిడ్కో మెట్లకు దిక్కెవరు? ఉమ్మడి జాగాలు ఎందుకు పాడవుతాయి, ఎలా నిలుస్తాయి

క్లుప్తంగా: ఇంటి లోపల అద్దంలా ఉంచుకునే కుటుంబాలు ఉన్న టిడ్కో (ప్రభుత్వం కట్టిచ్చిన అపార్ట్‌మెంట్ల) బ్లాకులోనే మెట్లు, వరండా, మిద్దె, సంపు పాడుబడి కనిపిస్తాయి. తప్పు అలవాట్లదని అనుకోవడం తేలిక. అసలు లోటు ఏర్పాట్లలో ఉంది. ఉమ్మడి జాగాకు పేరు పెట్టి బాధ్యుడు లేడు, దాని కరెంటు బిల్లుకు ఖాతా లేదు, చెత్తబండి వేళకూ మనుషుల పని వేళకూ పొత్తు లేదు. ఈ మూడూ సరిచేయడానికి 32 ఇళ్ల బ్లాకులో ఇంటికి నెలకు సుమారు 270 రూపాయలు చాలు. అయితే కొందరే కడితే ఆ లెక్క ఎంత త్వరగా కూలిపోతుందో కూడా ముందే తెలియాలి.

ఆంధ్రప్రదేశ్ టౌన్‌షిప్, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ, అంటే టిడ్కో, ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం కింద 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు కట్టింది. రాష్ట్రం మొత్తంలో చేపట్టినవి సుమారు 2.62 లక్షలు. తిరుపతి వాసులకు సంబంధించి ఏర్పేడు మండలం వికృతమాల దగ్గరి బ్లాకులు అందరికీ తెలిసినవే. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని మిగతా పట్టణాల చుట్టూ ఇలాంటి కాలనీలే కనిపిస్తాయి. నిర్మాణం జీ ప్లస్ త్రీ, అంటే నేల అంతస్తు, దాని మీద మరో మూడు. లిఫ్టు ఉండదు. అంతవరకూ పెంకుటిల్లో రేకుల ఇల్లో ఉన్న కుటుంబానికి ఇక్కడ ఎదురయ్యే కొత్త సమస్య ఇంటి లోపలిది కాదు. తలుపు దాటాక మొదలయ్యే జాగాది.

పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర చొప్పున స్థలాలిచ్చిన కాలనీల్లో ఈ చిక్కు రాదు. అక్కడ ఎవరి గోడ వారిది, ఎవరి వాకిలి వారు ఊడ్చుకుంటారు. బ్లాకులో మాత్రం మూడో అంతస్తులోని ఇంటికి వాకిలి అంటే మూడు అంతస్తుల మెట్లూ.

ఏది ఉమ్మడి, ఏది సొంతం

రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం, 2016 నిర్వచనం ప్రకారం మెట్లు, లాబీలు, మిద్దె, ఖాళీ స్థలాలు, నీటి ట్యాంకులు, సంపులు, మోటర్లు ఉమ్మడి ప్రదేశాల కిందికే వస్తాయి. 1987 నాటి రాష్ట్ర అపార్ట్‌మెంట్ల చట్టం కూడా వీటిని ఒక్కో ఫ్లాటుకు విడదీయలేని వాటాగానే చూస్తుంది. దీనివల్ల రెండు సంగతులు తేలతాయి. కింది అంతస్తువారు కిటికీ ముందరి జాగాకు కంచె వేసి సొంతం అనడానికి వీల్లేదు. పై అంతస్తువారు మిద్దెకు తాళం వేసుకోవడానికీ వీల్లేదు. అలాగే కింది అంతస్తువారు 'మాకు మెట్లతో పని లేదు, డబ్బు ఎందుకు కట్టాలి' అనడమూ నిలవదు. వారి కొళాయికి వచ్చే నీళ్లు కూడా మిద్దె మీది ట్యాంకు నుంచే దిగుతాయి.

మెట్ల కింద మీటరు, మీటరు పక్కన బండి

ఈ బ్లాకుల్లో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఉండేది ఇక్కడే. అందుకే దీన్ని వివరంగా చూడాలి.

జాతీయ భవన నిర్మాణ నియమావళి 15 మీటర్లు, అంతకు మించిన ఎత్తున్న వాటిని బహుళ అంతస్తుల భవనాలుగా లెక్కిస్తుంది. మంటలార్పే గొట్టాలు, నీటి తుంపర యంత్రాల వంటివి ప్రధానంగా వాటికే. సుమారు 12 మీటర్ల జీ ప్లస్ త్రీకి అవి ఉండవు. ఇక్కడ మంట నుంచి మనిషిని కాపాడేది ఒక్కటే, ఖాళీగా ఉన్న మెట్ల దారి. నివాస భవనాల్లో దాని వెడల్పు సాధారణంగా మీటరు నుంచి మీటరుంబావు. ఒక స్కూటర్ హ్యాండిల్ వెడల్పే దాదాపు 70 సెంటీమీటర్లు. మెట్ల మొదట్లో ఒక బండి నిలిపితే మిగిలే సందులో మనిషి పక్కకు తిరిగి దూరాల్సిందే. మంచాన పడ్డ ముసలివాళ్లను స్ట్రెచర్ మీద దించే మాటే లేదు.

చాలాచోట్ల ఇళ్ల మీటర్లన్నీ ఒకే బోర్డు మీద, మెట్ల కింద లేదా లాబీలో ఉంటాయి. కొత్తగా చేరిన ఇళ్లలో ఏసీ, గీజరు, ఇండక్షన్ పొయ్యి వస్తాయి. బోర్డులోని వైరు కనెక్షన్లు వదులైతే ఆ చోట నిరోధం పెరిగి వేడెక్కుతుంది. తొడుగు కరుగుతుంది, నిప్పురవ్వ పుడుతుంది. దాని పక్కనే పెట్రోలు బండి, చెత్త సంచి, విరిగిన మంచం, ఖాళీ అట్టపెట్టెలు ఉంటే మిగతా పని అవే చేస్తాయి. వేడి పొగ పైకే పోతుంది. బ్లాకులో అది పైకి పోయే తెరిచిన దారి మెట్లే. కింద పుట్టిన మంట పై అంతస్తుకు చేరకముందే పొగ చేరుతుంది. కరుగుతున్న పీవీసీ వైరు పొగలో ఊపిరికి మంట పుట్టించే ఆమ్ల వాయువు, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. తప్పించుకుందామని తలుపు తీసి కిందికి దిగినవారు సరిగ్గా ఆ పొగలోకే వెళతారు.

ఎలక్ట్రిక్ స్కూటర్లు వచ్చాక ఇది ఇంకా ముదిరింది. మెట్ల కింద బండి, రెండో అంతస్తు కిటికీ నుంచి వేలాడే ఎక్స్‌టెన్షన్ తీగ, రాత్రంతా ఛార్జింగు. లిథియం బ్యాటరీ లోపల ఒక సెల్ వేడెక్కి పక్క సెల్‌కు అంటుకుంటే పైన పొడి చల్లినా లోపలి చర్య ఆగదు. చాలాసేపు ఎక్కువ నీళ్లు పోసి చల్లార్చాలి. కాబట్టి ఈ బండ్ల ఛార్జింగు భవనానికి బయట, పైన కిటికీలు లేని గోడ పక్కన, విడి ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్చి), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్చి) ఉన్న ప్లగ్గు దగ్గరే జరగాలి. కాలనీలో అలాంటి చోటు ఒక్కటైనా చూపించకుండా 'మెట్ల కింద పెట్టవద్దు' అని బోర్డు రాస్తే అది బోర్డుగానే మిగులుతుంది.

ఇంగ్లండులో ప్రభుత్వ అద్దె ఇళ్ల యాజమాన్యాలు ఉమ్మడి దారుల విషయంలో రెండు పద్ధతుల్లో ఒకదాన్ని ఎంచుకుంటాయి. మొదటిది, దారిలో ఏ వస్తువూ ఉండకూడదన్నది. రెండోది, అంటుకోని వస్తువులు కొన్నిటిని పరిమితంగా ఒప్పుకునేది. అక్కడ 2005 నాటి అగ్ని భద్రతా ఉత్తర్వు ఉమ్మడి భాగాలకు వర్తిస్తుంది. సింగపూర్‌లో కారిడార్లలో వస్తువులు పెట్టినా కనీసం 1.2 మీటర్ల దారి ఖాళీగా ఉండాలి. మన బ్లాకులకు రెండూ కలిపిన పద్ధతి పనికొస్తుంది. మెట్ల మీద, అంతస్తు మలుపుల్లో చెప్పుల స్టాండుతో సహా ఏదీ వద్దు. కింద లాబీలో మీటరు బోర్డుకు ముందు మీటరు మేర నేల మీద పసుపు గీత గీసి, ఆ లోపల ఏమీ పెట్టకూడదు. పూల కుండీలు, తులసి కోట వంటివి ఇంటి తలుపు పక్కన గోడకు ఆనించి, దారి మీటరుకు తగ్గకుండా ఉంచుకోవచ్చు. అన్నిటినీ ఒక్కసారిగా నిషేధిస్తే నెల తిరగకుండానే అన్నీ వెనక్కి వస్తాయి.

బోర్డు సంగతికొస్తే, ప్రతి మూడు నెలలకూ రాత్రి ఏడు, ఎనిమిది మధ్య, వాడకం ఎక్కువగా ఉన్నప్పుడు, దాని ముందు నిలబడి చూడాలి. కాలిన ప్లాస్టిక్ వాసన, చిటపట శబ్దం, గోధుమ రంగుకు తిరిగిన తొడుగు, ఒక చోట మాత్రమే మసి, ఇవీ గుర్తులు. మీటరు, దానికి ముందున్న సర్వీసు వైరు విద్యుత్ పంపిణీ సంస్థవి. వాటిని ఎవరూ తాకకూడదు, 1912కు ఫోన్ చేయాలి. మీటరు తరవాతి వైరింగు ఇంటివారిది, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో బిగించాలి. ఆరు కిలోల ఏబీసీ పొడి సిలిండర్ ఒకటి లాబీలో ఉండాలి. అదీ బోర్డు పక్కనే కాకుండా నాలుగైదు మీటర్ల దూరంలో, బయటి నుంచి వచ్చేవారికి అందేలా పెట్టాలి. బోర్డు మండుతుంటే దాని పక్కనున్న సిలిండర్‌ను ఎవరూ తీయలేరు. ముల్లు పచ్చ గీతలో ఉందా అని నెలకోసారి చూడాలి. అందులోని పొడి అర నిమిషం లోపే అయిపోతుంది. దానితో మొదలైన మంటనే ఆర్పగలం, ముదిరిన మంటను కాదు.

పొగ అప్పటికే మెట్లకెక్కితే పైవారు దిగకూడదు. తలుపు మూసి, కింది సందులో తడి గుడ్డ కుక్కి, కిటికీ దగ్గరికో బాల్కనీలోకో వచ్చి 101కు ఫోన్ చేసి అరవాలి. మూడో అంతస్తు ఎత్తు ఫైరింజను నిచ్చెనకు అందుతుంది, బ్లాకు దాకా ఇంజను రాగలిగితే. రోడ్డు మీదికి జరిగిన రేకుల షెడ్డు, పెళ్లి పందిరి కోసం పాతి వదిలేసిన గుంజ ఆ రోజు ప్రాణం మీదికి తెస్తాయి.

నీళ్లు: సంపు, మోటరు, ట్యాంకు

పట్టణ నీటి సరఫరాలో మనిషికి రోజుకు 135 లీటర్లు ప్రమాణం. ఇంటికి నలుగురి చొప్పున 32 ఇళ్లకు 17,280 లీటర్లు. దీన్ని సంపు నుంచి 20 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి, మోటరు సామర్థ్యం 40 శాతం అనుకున్నా, రోజుకు రెండున్నర యూనిట్లకు మించదు. అదే నీటిని వంద మీటర్ల లోతు బోరు నుంచి తోడితే 12 యూనిట్లు దాటుతుంది. రాయలసీమ బోర్ల లోతు తెలిసినవారికి ఈ తేడా ఎక్కడ కొడుతుందో వేరే చెప్పక్కర్లేదు. పురపాలక నీళ్లు సంపుకు క్రమంగా రావడం ఈ బ్లాకుల ఖర్చును నిర్ణయించే అతిపెద్ద అంశం.

మోటర్లు ఎక్కువగా కాలేది నీళ్లు లేకుండా తిరగడం వల్ల, తక్కువ ఓల్టేజీలో నడవడం వల్ల. ఎవరికి నీళ్లు రాకపోతే వారే వచ్చి స్విచ్చి వేస్తారు, ఆపే బాధ్యత ఎవరిదీ కాదు. సంపు ఖాళీ అయినా మోటరు తిరుగుతూనే ఉంటుంది. మరో రోజు ట్యాంకు పొంగి గోడ వెంట నీళ్లు కారి, ఆ గోడకే పాచి పట్టి, లోపలి ఇంటికి చెమ్మ దిగుతుంది. సంపులో, ట్యాంకులో నీటి మట్టాన్ని బట్టి మోటరు దానంతటదే ఆగి నడిచే పరికరం ఒకసారి పెడితే రెండు నష్టాలూ పోతాయి. స్టార్టర్ పెట్టెకు తాళం వేసి, రెండు తాళంచెవులే ఉంచాలి.

ట్యాంకును మూడు నెలలకోసారి కడగాలి. నీళ్లకు కరువున్న చోట 5,000 లీటర్ల ట్యాంకును నింపి క్లోరిన్ వేసి పారబోయడం కుదరని పని. అడుగున ఉన్న బురద తీసి, గోడలు బ్రష్షుతో రుద్ది, తరవాత పది లీటర్ల బకెట్‌కు సుమారు 7 గ్రాముల బ్లీచింగ్ పొడి కలిపి, సున్నం అడుగున పేరాక పైతేటతో గోడలు, మూత లోపలి వైపు తడపాలి. అరగంట ఆగి కడిగేస్తే సరిపోతుంది. బ్లీచింగ్ పొడిని బాత్రూం యాసిడ్‌తో కలపకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. కొత్త నీళ్లు నిండాక కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. చవక పరీక్ష కిట్టుతో ఇది తెలుస్తుంది.

మూత విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. శేషాచలం కొండల అంచున ఉన్న కాలనీల్లో కోతులు ట్యాంకు మూతలు ఎత్తేస్తాయి. తెరిచిన ట్యాంకులో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. ఆరోగ్య శాఖ శుక్రవారం 'డ్రై డే' పాటించమనేది అందుకే, ఆ వలయం తెగాలంటే వారానికోసారి నీళ్లు మారాలి. నీళ్లు పారబోస్తే మాత్రమే చాలదు. గుడ్లు పాత్ర అంచుకు అంటుకుని నెలల తరబడి ఎండలోనూ బతుకుతాయి, గీరి రుద్దాలి. మూతకు కొక్కెం పెట్టి తాళం వేయాలి, పొంగు గొట్టానికి సన్న జాలీ కట్టాలి.

సంపులోకి మనిషి దిగేముందు మోటరు మెయిన్ ఆపి ఫ్యూజు తీసేయాలి. మూత చాలాసేపు తెరిచి ఉంచి, నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరు నిలబడాలి. పెట్రోలు, డీజిలు పంపును సంపులోకి దించకూడదు. ఇక సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు మ్యాన్‌హోల్‌లోకి రక్షణ సామగ్రి లేకుండా ఎవరినీ దింపకూడదు. పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం దీన్ని నేరంగా చేసింది, మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 'రెండు వేలు ఇస్తాం, ఒక్కసారి దిగు' అని బతిమాలే పద్ధతి ఈ కాలనీల్లో మొదలవకముందే ఆగాలి. పురపాలక సంఘం యంత్రం బండి వచ్చేదాకా దుర్వాసన భరించడమే మేలు.

కసువు ఎందుకు కిటికీ నుంచి పడుతుంది

తిరుపతిలో హోటళ్లు, లాడ్జీలు, కొండ మీద షిఫ్టు పనులు, భవన నిర్మాణం మీద బతికే ఇళ్లు ఎక్కువ. తెల్లవారి ఐదింటికి ఇల్లు విడిచే మనిషి ఉంటాడు, రాత్రి డ్యూటీ చేసి ఏడింటికి వచ్చి పడుకునే మనిషీ ఉంటాడు. చెత్తబండి ఈల మోగేటప్పటికి ఒకరు ఊళ్లో లేరు, ఇంకొకరు నిద్రలో ఉన్నారు. మూడో అంతస్తు నుంచి దిగి వచ్చేలోపు బండి సాగిపోతుంది. రెండో రోజుకు వాసన వచ్చే సంచిని చేతికందిన చోట పడేస్తారు. ఒక మూల ఒక సంచి కనిపిస్తే చాలు, అది ఆ వారంలో చెత్తకుప్ప అవుతుంది. నగరం బయట కట్టిన కాలనీల్లో ఇంకో చిక్కు, బండి పంపాల్సింది పురపాలకమా పంచాయతీనా అన్న దాని మీద స్పష్టత ఉండదు.

పరిష్కారం, బండి వేళకు మనిషిని నిలబెట్టడం కాదు, బండి వచ్చేదాకా చెత్తను మూతపెట్టి నిలిపే చోటు కల్పించడం. మనిషికి రోజుకు 350 గ్రాముల చొప్పున 128 మందికి దాదాపు 45 కిలోలు. అందులో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ తడి చెత్త అనుకుంటే, 120 లీటర్ల చక్రాల పచ్చడబ్బా ఒకటి, తేలికై ఎక్కువ జాగా తినే పొడి చెత్తకు నీలిడబ్బాలు రెండు సరిపోతాయి. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, బల్బులు, బ్యాటరీలకు చిన్నది వేరుగా. డబ్బాలు నీడలో, గట్టి సిమెంటు తిన్నె మీద, కిటికీలకూ సంపు మూతకూ దూరంగా ఉండాలి. మట్టి మీద పెడితే కిందికి కారిన నీటితో ఈగలు పుడతాయి. రోజూ పొద్దున డబ్బాలను రోడ్డు అంచుకు తోసి మళ్లీ తెచ్చే మనిషి ఉండాలి. వార్డు సచివాలయంలో పారిశుద్ధ్యానికి ఒక కార్యదర్శి ఉంటారు, బండి వేళ లిఖితంగా తీసుకోవాల్సింది వారి దగ్గరే.

చెత్త ఒక్క వాసనతో ఆగదు. మెతుకులకు ఎలుకలు వస్తాయి, ఎలుకలు పైపుల సందుల్లో, వైర్ల గొట్టాల్లో చేరతాయి, ఎలుకల వెంట పాములు వస్తాయి. కొండవాలు కాలనీల్లో మెట్ల కింద పాము కనిపించిందంటే వెదకాల్సిన మొదటి కారణం ఆ మూలనున్న చెత్తకుప్పే.

ఈశాన్య వానలకు ముందు మిద్దె

ఈ జిల్లాల్లో గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి తెలిసిందే. కాబట్టి మిద్దె పరీక్ష సెప్టెంబరులో ముగియాలి.

300 చదరపు మీటర్ల మిద్దె మీద 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే 30,000 లీటర్లు దిగాలి. నీటి గొట్టం నోట్లో కొబ్బరి పీచో, పాలిథిన్ కవరో అడ్డుపడితే ఆ నీళ్లు పైన నిలుస్తాయి. పది సెంటీమీటర్ల నీళ్లు చదరపు మీటరుకు వంద కిలోల బరువు. మనుషులు ఎక్కే మిద్దెను మామూలుగా 150 కిలోలకు లెక్కించి కడతారు. దాని మీద ఇసుక, పాత సామాను, కుండీల తోట కూడా ఉంటే హద్దు దగ్గరికి వచ్చినట్టే. గొట్టాల నోళ్లకు గుమ్మటం ఆకారపు జాలీలు పెట్టాలి. నేలకు చదునుగా ఉన్న జాలీ ఒక్క ఆకుతో మూసుకుపోతుంది. పిట్టగోడ మీటరుకు తగ్గకూడదు, దాని పక్కన పిల్లలు ఎక్కడానికి వీలైన డ్రమ్ములు, ఇటుకలు ఉంచకూడదు. మెట్ల రెయిలింగు తుప్పు కింద, నేలలోకి దిగిన చోట మొదలవుతుంది. ఒక చేత్తో గట్టిగా ఊపి చూస్తే తెలుస్తుంది.

గోడను ముట్టుకోకూడదు

టిడ్కో బ్లాకులు షియర్‌వాల్ పద్ధతిలో కట్టినవి. ఇక్కడ స్తంభాల మధ్య ఇటుక గోడ ఉండదు, కాంక్రీటు గోడే భవనం బరువు మోస్తుంది. మామూలు ఇంట్లో లాగా గోడకు కన్నం కొట్టి కొత్త తలుపు పెట్టడం, కింది అంతస్తులో కొట్టు కోసం కిటికీని షట్టరుగా మార్చడం, రెండు ఫ్లాట్లు కలపడం ఇక్కడ పైన ఉన్న మూడు ఇళ్లకూ ప్రమాదమే. కనుక ఒక్కరి ఇంటి లోపలి గోడ కూడా ఈ విషయంలో ఉమ్మడి ఆస్తే. ఫ్యానుకు, అరకు స్క్రూలు వేయవచ్చు, కడ్డీ కనిపించేలా గాడి కొట్టకూడదు.

డబ్బు లెక్క ఎక్కడ తప్పుతుంది

32 ఇళ్ల బ్లాకుకు ఒక నమూనా లెక్క చూద్దాం. మెట్లకు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు పది, రాత్రి 12 గంటలు వెలిగితే నెలకు 32 యూనిట్లు. మోటరుకు 75. మొత్తం 107 యూనిట్లు, యూనిట్‌కు 8 రూపాయలు వేసుకున్నా స్థిర ఛార్జీతో కలిపి 900 రూపాయలు. రోజు విడిచి రోజు ఊడ్చి కడిగి, డబ్బాలు తోసే మనిషికి 3,500. చీపుర్లు, ఫినాయిల్, బల్బులకు 600. ట్యాంకు, సంపు శుభ్రానికి నెల వాటా 500. మోటరు మరమ్మతు నిధి 1,500. రంగులు, గొట్టాలు, మిద్దె లీకుల వంటి పెద్ద పనులకు 1,500. అన్నీ కలిపి 8,500, ఇంటికి 266 రూపాయలు.

అందరూ కడితే ఇది భారం కాదు. పన్నెండు ఇళ్లు కట్టకపోతే మిగతా ఇరవై ఇళ్లకు 425 చొప్పున పడుతుంది. దాన్ని చూసి ఇంకో పది ఇళ్లు ఆగితే, మిగిలిన పదికీ 850. అంతటితో వసూలు ఆగిపోతుంది. తరవాత ఉమ్మడి మీటరు బిల్లు పేరుకుంటుంది, కరెంటు కట్ అవుతుంది, మెట్లు చీకటవుతాయి, నీళ్లు పైకెక్కవు. ఎవరికివారు కింది నుంచి గొట్టాలు లాగుతారు, ఆ గొట్టాలే మళ్లీ మెట్లకు అడ్డం. కాలనీ పాడవడం అంటే ఇదే, వరసగా.

కట్టనివారంతా మొండివాళ్లు కారు. కొన్ని ఇళ్లకు తాళాలు, యజమాని వేరే ఊళ్లో ఉంటాడు. కొన్నిట్లో బాడుగవాళ్లు, 'ఓనరును అడగండి' అంటారు. కొందరికి రోజుకూలీ, నెలకోసారి 270 తీయడం కష్టం, వారానికి 70 అంటే ఇస్తారు. కాబట్టి చందా మనిషి పేరు మీద కాకుండా ఫ్లాటు నంబరు మీద ఉండాలి, తాళం వేసిన ఇంటికీ వర్తించాలి, వారం చొప్పున కట్టే వీలుండాలి. ఎవరు ఎంత కట్టారు, దేనికి ఖర్చయింది అన్నది నెల మొదటి ఆదివారం లాబీ గోడ మీద అంటించాలి. వసూలు ఆగిపోయిన చోట జనం మొదట చెప్పే మాట 'లెక్క చూపించలేదు' అనే.

చిత్తూరు సీమ చెరువుల కింద నీరుగంటి ఉండేవాడు. తూము తెరిచేదీ మూసేదీ అతనొక్కడే, ఆయకట్టు రైతులంతా పంటలో కొలత ప్రకారం అతనికి వాటా ఇచ్చేవారు. బ్లాకుకు కావలసిందీ అదే పద్ధతి: అందరి పనినీ ఒక పేరున్న మనిషి చేయాలి, జీతం అందరి వాటా నుంచి రావాలి. 'వంతులవారీగా ఊడుద్దాం' అన్న తీర్మానం వినడానికి బాగుంటుంది. ఒక ఇంటివారు వారం తప్పగానే పక్కింటివారు మానేస్తారు.

ఇళ్ల పట్టాలు మహిళల పేరు మీద ఉన్నాయి, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పొదుపు సంఘాల్లో నెల నెలా డబ్బు వసూలు చేసి, పుస్తకం రాసి, బ్యాంకులో వేసే అలవాటు వారికి ఏళ్లుగా ఉంది. బ్లాకు చందాకు ఇంతకన్నా తయారుగా ఉన్న యంత్రాంగం ఇంకొకటి లేదు. పెద్దమనుషుల కమిటీ వేసి ఖజానా మాత్రం ఎవరికో అప్పగించడం కంటే, పొదుపు సంఘంలో పుస్తకం రాసే మనిషికే ఆ పని ఇవ్వడం మేలు.

మద్రాసులో ఎలా, సింగపూర్‌లో ఎలా

పక్క రాష్ట్రం అనుభవం దగ్గరిది. 1970లో మురికివాడల నిర్మూలన బోర్డుగా మొదలై 2021లో పేరు మార్చుకున్న తమిళనాడు పట్టణ ఆవాస అభివృద్ధి బోర్డు, ఇలాంటి ఇళ్లలో నివాసుల సంఘాలను రిజిస్టరు చేయించి, వారు వసూలు చేసినంత మొత్తాన్ని ప్రభుత్వం కూడా జోడించే పథకం పెట్టింది. దీనిలోని కిటుకు స్పష్టం, ఒక ఇల్లు కట్టిన రూపాయి బ్లాకుకు రెండు రూపాయలవుతుంది, కట్టకపోతే రెండూ పోతాయి. కట్టని పొరుగువారిని అడగడానికి మిగతావారికి కారణం దొరుకుతుంది.

సింగపూర్‌లో ప్రభుత్వ గృహాల ఉమ్మడి జాగాలను 1989 నుంచి టౌన్ కౌన్సిళ్లు చూస్తున్నాయి. ప్రతి ఇల్లూ నెలవారీ రుసుము కడుతుంది, అందులో కొంత పెద్ద మరమ్మతుల కోసం చట్టప్రకారం విడిగా దాస్తారు. అక్కడి ఆదాయాలు, అక్కడి జరిమానాలు మనకు పొసగవు. కానీ రోజువారీ డబ్బునూ పదేళ్ల తరవాతి మరమ్మతు డబ్బునూ వేర్వేరు ఖాతాల్లో ఉంచడం ఇక్కడా చేయగలిగిందే. ఒకే ఖాతా అయితే వినాయక చవితి పందిరికీ మోటరుకూ ఒకే సంచి అవుతుంది.

మన రాష్ట్రంలో ఇలాంటి జోడింపు నిధి ఉంటే ఫలితం త్వరగా కనిపిస్తుంది. ఆవాస్ యోజన మార్గదర్శకాలే నిర్వహణకు లబ్ధిదారుల సంఘాలను ప్రోత్సహించాలని చెబుతున్నాయి. ఇళ్ల తాళాలు ఇచ్చిన రోజే సంఘం, ఖాతా, మీటరు కూడా అప్పగించడం జరగాల్సిన పని. తాళాలు ముందు, సంఘం ఎప్పుడో అయితే ఆ మధ్య కాలంలో చెడు అలవాట్లన్నీ కుదురుకుంటాయి.

మొదటి నెలలో చేతికి రావలసిన కాగితాలు

సంఘం రిజిస్ట్రేషన్‌కు 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులు చాలు. ఆ వెంటనే తీసుకోవాల్సినవి: ఉమ్మడి మీటరు సర్వీసు నంబరు, దాని మీద పాత బకాయి లేదన్న రాత, నీటి, మురుగు గొట్టాల ప్లాను, మోటరు వారంటీ కార్డు, ఫ్లాటు వారీ పేర్ల జాబితా. బకాయి రాత లేకుండా మీటరును తమ పేరుకు మార్చుకుంటే కాంట్రాక్టరు కాలం నాటి బిల్లు కూడా నివాసుల మెడకే చుట్టుకుంటుంది.

లీకులు, పగుళ్లు, ఊడిన టైల్స్ కనిపించిన రోజే ఫొటో తీసి, తేదీ వేసి, సంఘం పేరున లేఖ రాసి రసీదు తీసుకోవాలి. రెరా చట్టం 14వ సెక్షన్ నిర్మాణ లోపాల మరమ్మతుకు స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్ల గడువు పెట్టింది, తెలియజేసిన 30 రోజుల్లో ఖర్చు లేకుండా సరిచేయాలని చెబుతుంది. కాంట్రాక్టు పత్రంలో లోపాల బాధ్యత ఎంతకాలమో కూడా రాసి ఉంటుంది, దాని నకలు అడిగి తెచ్చుకోవాలి. స్వాధీనం పత్రం మీది తేదీని లాబీలో చందా పట్టిక పక్కనే రాసి ఉంచితే, ఆ గడువులో ఎంత మిగిలిందో ప్రతి ఇంటికీ తెలుస్తుంది.